జబ్బు చెయ్యకూడని ఇల్లు

జయ జాకెట్టు చేతులు విప్పడం ఈ నెలలో ఇది రెండోసారి. కుట్టుమిషను ముందు కూచుని సంతోషకుమారి బ్లేడు మొనతో ఒక్కొక్క కుట్టే తెంపుతోంది. లోపల మడిచి ఉంచిన గుడ్డ అయిపోవచ్చింది. ఈసారి వదులు చేశాక ఇంక చెయ్యడానికేం ఉండదు. పక్కన పీట మీద కూచున్న జయ ఎడమచేతి గాజుల్ని ముందుకీ వెనక్కీ జరపాలని చూస్తోంది. అవి చేతిలోకి దిగబడిపోయి కదలడంలేదు.

“ఒళ్ళు చేసింది,” అంది వసారాలోంచి అత్త పున్నమ్మ. “కాపరానికొచ్చినప్పుడు ఎట్టా ఉండేది? కందికట్టె మాదిరి. ఇప్పుడు చూడు, మొహం ఎంత నిండుగా ఉందో. బలం పొడి పట్టింది పిల్లకి.”

సంతోషం తలెత్తలేదు. ఇంట్లో అందరూ ఆమెని సంతోషం అనే పిలుస్తారు. పిలిచినంత మాత్రాన ఉంటుందా అని ఒకప్పుడు నవ్వుకునేది, ఇప్పుడు ఆ నవ్వు కూడా మానేసింది. కింద చాపిన జయ కాలివైపు చూసింది. చీలమండ ఎక్కడుందో తెలియడంలేదు. పడిపోయిన దారం తీస్తున్నట్టు వంగి, ఆ కాలిమీద బొటనవేలితో మెల్లగా నొక్కింది. వేలు తీసినా గుంట పోలేదు. పిండిముద్ద మీద నొక్కినట్టు అలాగే ఉండిపోయింది. ఆ గుంట ఆమెకి తెలుసు. రెండో కాన్పప్పుడు తన కాలిమీదే చూసుకుంది. ఆ తర్వాత జరిగింది మాత్రం ఎవరో చెబితే తెలిసిందే: ఒళ్ళంతా కొట్టుకుందనీ, నాలిక కరుచుకోకుండా నోట్లో గుడ్డ కుక్కారనీ, ఇది గుర్రపు వాతమని మంత్రసాని గోలపెట్టిందనీ, గుంటూరు చేర్చేసరికి కడుపులో బిడ్డ ప్రాణంతో లేదనీ. ఇదంతా ఆమె ఒంటిమీదే జరిగింది, కానీ ఆమెకి గుర్తున్నది కాలిమీది గుంట ఒక్కటే.

జయకి ఇప్పుడు ఏడో నెల. సంతోషం మరిది అంకయ్య భార్య ఈ జయ. అంకయ్య చీమకుర్తి క్వారీల్లో రాళ్ళ లారీల మీద పనికి పోయి, ఎప్పుడో ఒకసారి దుమ్ము కొట్టుకుని ఇంటికొస్తాడు. ఆ పిల్లకి తల్లి లేదు, కాన్పుకి పుట్టింటికి వెళ్ళే యోగం లేదు. పోయినేడు ఒక కడుపు నిలవకుండా పోయింది. ఇక ఆమెకున్న ధైర్యమల్లా ఎర్ర డబ్బాలోని బలం పొడి, ఆ పొడి గురించి తోడికోడలు చెప్పిన మాట. ఆ తోడికోడలు సంతోషమే.

“అక్కా, తల పగిలిపోతోంది,” అంది జయ.

“ఎండ,” అంది వసారాలోంచి పున్నమ్మ, సంతోషం నోరు తెరవకముందే.

ఆ ఇంట్లో ఎవరికీ జబ్బు చెయ్యకూడదు. ఈ చట్టం పెట్టింది సంతోషం మొగుడు జక్రయ్య. అతను పల్లెలో చర్చివాళ్ళ బడిలో పంతులు. మంచి కంఠం, తెల్లని పంచె, ఆదివారం ఆరాధనలో వాక్యం చదివేది అతనే. జీతం వచ్చినప్పుడు వచ్చేది, రానప్పుడు రాదు. పర్చూరు దారిలో రెండెకరాల రేగడి కౌలుకి తీసుకుని పత్తి వేశాడు. ఆ ఏడు చుట్టుపక్కల చేలన్నిటికీ పట్టినట్టే దానికీ తెల్లదోమ పట్టింది. మొక్కని కదిపితే తెల్లని పొగలాగా లేచేది. మందు మీద మందు కొట్టినా దోమ చావలేదు, పత్తి చచ్చింది. ఆ దిగుల్లో ఉన్నవాడికి గుంటూరులో కంపెనీ ఆర్గనైజరు కనిపించాడు. డబ్బా కొనాలి, వాడాలి, వాడినట్టు నలుగురికీ చెప్పాలి, చెప్పి కింద ముగ్గుర్ని చేర్చాలి. ఆ ముగ్గురూ తలా ముగ్గుర్ని. “ముందు ఇల్లు, తర్వాత వీధి” అన్నది ఆ ఆర్గనైజరు పాఠం. ఇంట్లోవాళ్ళని చేర్చలేనివాడు ఊరిని ఏం చేరుస్తాడు అని నవ్వుతూ అడిగాడట. ఆ నవ్వు జక్రయ్యకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

అలా మొదట సంతోషం చేరింది. చేరింది అనడం పెద్దమాట. బియ్యం ఏరుతుంటే జక్రయ్య ఒక కాగితం తెచ్చి చాట మీద పెట్టి, “ఇక్కడ సంతకం పెట్టు” అన్నాడు. “ఎందుకండీ?” అంటే, “ఎందుకో చెబితే అర్థమవుద్దా నీకు?” అన్నాడు. ఆమె పదో తరగతి చదివింది. చెబితే అర్థమయ్యేదే. తర్వాత ఆమె కింద అత్త వేలిముద్ర వేసింది, ఆ తర్వాత జయ సంతకం పెట్టింది. రేషన్ కార్డులో ఉన్న ఆడవాళ్ళంతా కంపెనీలోనూ ఉన్నారు, ఉయ్యాల్లో ఉన్న సంతోషం పాప తప్ప. డబ్బాలు కొన్నది సంతోషం కుట్టుకూలితో. మోసింది ఆడవాళ్ళు, పొడి కలిపిందీ గ్లాసులు కడిగిందీ ఆడవాళ్ళు. గుంటూరు మీటింగులో వెండి రంగు బ్యాడ్జీ పెట్టించుకున్నది మాత్రం జక్రయ్య. కింద చేరిన లైనంతా నీదేనయ్యా అని ఆర్గనైజరు భుజం తట్టాడు. భోజనాల దగ్గర ఆ భుజాన్నే అతను రెండు రోజులు చూసుకున్నాడు.

జబ్బు చెయ్యకూడదన్న చట్టం దాంట్లోంచే పుట్టింది. బలం పొడి వాడే ఇంటి మనిషి ఆస్పత్రి వరండాలో కనిపిస్తే ఊళ్ళో ఎవడు నమ్ముతాడు? పాపం పున్నమ్మకి మోకాళ్ళ నొప్పులు. పొడి తాగి తన మోకాళ్ళు లేడి కాళ్ళయ్యాయని స్త్రీల కూటంలో లేచి సాక్ష్యం చెప్పింది. కొడుకు చెప్పమంటే చెప్పింది. అప్పట్నించీ ఆవిడ ఇంటి గుమ్మం దాటిందంటే నిటారుగా నడవాలి. పల్లె మధ్యలోంచి చర్చిదాకా పళ్ళు బిగబట్టి నడిచి, తిరిగొచ్చి తలుపు మూసుకోగానే గోడ పట్టుకుని కూలబడేది. “అమ్మా, నాయనా, సంతోషం, కాస్త నూనె కాచి తేవే” అని మూలిగేది. సంతోషం మోకాళ్ళకి నూనె మర్దనా చేస్తుంటే, మూలుగు బయటికి వినపడకుండా పైట కొంగు నోట్లో కుక్కుకునేది. చూస్తే నవ్వొచ్చే సంగతే. సంతోషానికి మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే ఆవిడ చెప్పినదానికన్నా పెద్ద అబద్ధం తను చెప్పింది.

వాళ్ళ చర్చిలో సాక్ష్యమంటే చిన్న విషయం కాదు. దేవుడు తన బతుకులో చేసిన మేలేదో లేచి నలుగురి ముందు చెప్పడం. సంతోషం చెబితే అందరూ వినేవారు. ఆమె ఎక్కువ చెయ్యదు, తక్కువ చెయ్యదు, జరిగింది జరిగినట్టు చెబుతుంది. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు ఆమె తల్లి మొండికేసి పుట్టింటికి, పొన్నూరు తీసుకుపోయింది. అక్కణ్ణించి గుంటూరు ఆస్పత్రికి తిప్పి, చివరికి మంచం ఇప్పించి, మందులూ సూదులూ వేయించి బిడ్డని చేతిలో పెట్టింది. కొత్తగా కంపెనీలో చేరిన జక్రయ్య ఆ రోజుల్లోనే పొన్నూరికి ఎర్ర డబ్బాలు పంపాడు. ఒకసారి వాసన చూసి సంతోషం వాంతి చేసుకుంది. తల్లి ఆ పొడినంతా గేదె కుడితిలో కలిపేసింది. న్యాయంగా అయితే పొడి గురించి సాక్ష్యం చెప్పాల్సింది ఆ గేదె.

పాపనెత్తుకుని తిరిగొచ్చాక ఆ మాట మొగుడితో చెప్పింది. అతను కోప్పడలేదు. పాప బుగ్గ మీద వేలు పెట్టి, “తాగావో లేదో ఎవరిక్కావాలి? పుట్టింది గదా” అన్నాడు. “రెండు పోయినయ్, మూడోది నిలిచింది. మధ్యలో డబ్బాలొచ్చినయ్. ఇందులో అబద్ధం ఏముంది? నువ్వు మిగతాది చెప్పకు, అంతే.”

గుంటూరు హాల్లో మొదటిసారి ఆమెని స్టేజీ ఎక్కించినప్పుడు జక్రయ్య ముందు వరసలో కూచుని కుర్చీ చేతి మీద వేలితో కొడుతూ ఉన్నాడు. ఎక్కడ ఆగాలో అక్కడ వేలు ఆగేది. “అక్కల్లారా, నా పేరు సంతోషకుమారి. నాకు ఇద్దరు బిడ్డలు పోయారు.” అక్కడ ఆగాలి. ఆగింది. ఆగమన్నాడని ఆగిందో, పోయిన బిడ్డలు గుర్తొచ్చి ఆగిందో ఆమెకే తెలియలేదు. హాలంతా ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి పాప పాదాలు ముట్టుకుని వెళ్ళారు. ఆ రోజు తిరుగు బస్సు దగ్గర జక్రయ్య ఆమెకి టీ తెచ్చిచ్చాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను తెచ్చిచ్చిన మొదటి టీ అది. తాగుతుంటే బాగుంది, భయం కూడా వేసింది. దేవుడి పిల్లలం, తప్పుడు సాక్ష్యం పలకరాదు అని చిన్నప్పుడు ఆదివారం బడిలో వల్లెవేసిన నాలుక ఇది.

ఆ హాల్లో వెనక వరసలో జయ కూచుని ఉంది. కడుపు పోయి ఎన్నాళ్ళో కాలేదు, ఊరికే వెంట తీసుకొచ్చారు. బస్సులో సంతోషం భుజానికి తల ఆనించి, “ఎవరో చెబితే నమ్మేదాన్ని కాదక్కా. నువ్వు చెప్పావు గదా. ఒక ఇంట్లో ఉంటున్నాం, ఒక కంచంలో తింటన్నాం, నువ్వు నాకు అబద్ధం చెబుతావా?” అంది. సంతోషం కిటికీలోంచి కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల వైపు చూస్తూ కూచుంది. ఘాటుకి కళ్ళు మండితే జయే పైటతో తుడిచింది.

అప్పట్నించీ జయకి రెండు పూటలా పొడి కలిపిచ్చేది సంతోషమే. ఉప్పు మజ్జిగలో రెండు చెంచాలు. కాళ్ళ వాపు కనిపించినప్పట్నించీ చెంచా తగ్గించి వేస్తోంది, ఉప్పు మానేస్తోంది. పున్నమ్మ గ్లాసు వాసన చూసి, “పల్చగా ఉందేందే? తోడికోడలి కడుపు మీద ఏడుపా నీకు?” అనేది. సంతోషం మళ్ళీ చిక్కగా కలిపేది.

మొగుడికి చెప్పకపోలేదు. బడికి బయల్దేరుతూ తల దువ్వుకుంటుంటే వెనక నిలబడి, “ఏమండీ, జయ కాళ్ళు నాకు అప్పుడు వాచినట్టే వాచినయ్. ఒక్కసారి ఆస్పత్రికి తీసుకెళ్దాం” అంది.

అద్దంలోంచే చూశాడు. “ఆర్గనైజరు గారు చెప్పలా? పొడి ఒంటికి పడుతున్న గుర్తు అది. లోపలి చెడు నీరంతా పైకి లాగేస్తది.”

“నాకప్పుడు పొడి తాక్కుండానే వాచినయ్ గదండీ.”

దువ్వెన ఆగింది. “ఆ ముక్క ఇంకోసారి నోట్లోంచి రానీకు. మన మాట మీద ఊళ్ళో ఎంతమంది చేరారో తెలుసా నీకు? చర్చి అయ్యగారి భార్య చేరింది. రేపు జయని ఆస్పత్రి మంచం మీద చూస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? బళ్ళో ఉంచుతారా నన్ను?” ఇంత అన్నాక గొంతు తగ్గించాడు. గొంతు తగ్గించినప్పుడే ఆమెకి ఎక్కువ భయం. “నీకు ఇక్కడ బాగోకపోతే పొన్నూరు పో, మీ అమ్మ దగ్గరికి. పాప మాత్రం మా అమ్మ దగ్గర ఉంటది.”

అతను ఆమెని ఏనాడూ కొట్టలేదు. మంచి మొగుడని పల్లెలో పేరు. ఆ ఒక్క మాట చెంప మీద పడ్డ దెబ్బకన్నా ఎక్కువకాలం మండింది. అంట్లు తోముతుంటే, మిషను తొక్కుతుంటే, పాపకి పాలిస్తుంటే అదే మాట. పాప కాస్త గట్టిగా నిద్రపోతే కూడా లేపి చూసుకునేది. నిజం చెబితే పాప పోతుంది, చెప్పకపోతే జయ పోతుంది. ఇలా అనుకోగానే చెవులు మూసుకోవాలనిపించేది, లోపలినించి వినపడే మాటకి చెవులు మూసుకుంటే ఏం లాభం? అత్తతో చెబుదామా అనుకుంది. ఆవిడా తనలాగే మూసిన తలుపు వెనక మూలిగే మనిషి. మూలిగేవాళ్ళు ఇద్దరయితే బలం వస్తుందనుకోవడం భ్రమ. ఆవిడ కొడుకు మాట కోసం మోకాళ్ళనే చంపుకుంటోంది, కోడల్ని ఏం కాపాడుతుంది?

ఆ మర్నాడు పొయ్యి దగ్గర కూర తరుగుతుంటే వసారాలోంచి తన గొంతు తనకే వినపడింది. “అక్కల్లారా, నా పేరు...” సంతోషం కత్తిపీట వదిలేసి లేచింది. తీరా చూస్తే జయ, గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుని చెబుతోంది.

“అక్కల్లారా, నా పేరు జయకుమారి. నాకొక బిడ్డ పోయింది.” ఆగింది. సంతోషం ఆగినంతసేపే ఆగింది. పైట చెంగు కళ్ళదాకా తీసుకెళ్ళి, దించింది. “మా అక్కని చూసి నేను పొడి మొదలుపెట్టాను. ఇదిగో, ఇప్పుడు నా చేతుల్లో ఉన్న ఈ బిడ్డ...” ఖాళీ చేతుల్ని ముందుకి చాపి, కళ్ళు తెరిచి సంతోషాన్ని చూసి సిగ్గుపడింది. “బావగారు నేర్పుతున్నారక్కా. బాబో పాపో తెలీదు గదా, అందుకని బిడ్డ అనమన్నారు. కాన్పయ్యాక నిన్నూ నన్నూ పక్కపక్కన నిలబెడతారంట. ఒకే ఇంట్లో ఇద్దరు కోడళ్ళు, ఇద్దరు బిడ్డలు. బాగా చెప్పానా?”

సంతోషం ఆ ఖాళీ చేతుల్ని చూసింది. ఉబ్బిన వేళ్ళు, కదలని గాజులు. “బాగా చెప్పావు” అంది. చెప్పాల్సిన మాట గొంతుదాకా వచ్చి, పాప మొహం కనపడి, వెనక్కి పోయింది.

జయ ఇంకా నవ్వుతూనే ఉంది. నవ్వుతూ మొహం ముందు చెయ్యి ఆడించింది, ఈగని తోలినట్టు. మళ్ళీ ఆడించింది.

“ఏందే?”

“తెల్లదోమక్కా. ఇంట్లోకి కూడా వచ్చింది చూడు. ఎంత దోమో.”

సంతోషం చుట్టూ చూసింది. వసారాలో ఎండ శుభ్రంగా పడుతోంది. చేలల్లో పత్తి పీకేసి ఎన్నో రోజులైంది. ఆ ఎండలో ఒక్క దోమ కూడా లేదు. జయ మాత్రం కళ్ళు చిట్లించి, లేనిదాన్ని తోలుతూనే ఉంది.

సంతోషం లోపలికెళ్ళి పాపనెత్తుకుంది. రెండు చీరలు, పాప గుడ్డలు సంచిలో కుక్కింది. జయని ఆస్పత్రికి తీసుకెళ్తే ఏమవుతుందో ఆలోచించలేదు, ఆలోచిస్తే కాళ్ళు ఆగిపోతాయని తెలుసు. “అత్తమ్మా, గుంటూరులో మీటింగంట. జయని కూడా తీసుకురమ్మన్నారు” అంది. పదిమందిలో చెప్పిన అబద్ధం కన్నా ఈ అబద్ధానికి ఎక్కువ చెమట పట్టింది.

“జక్రయ్య చెప్పలేదే నాతో?”

“బడికి కబురొచ్చిందంట. ఆయన అట్నించటే వస్తారు.”

“పాపనెందుకు ఎండన బడి?”

“పాప లేకుండా నా మాట ఎవరు వింటారత్తమ్మా?” అంది సంతోషం. అది నిజమే కాబట్టి పున్నమ్మ నోరు మెదపలేదు. పైగా కోడళ్ళు మీటింగుకి పోతున్నారని పక్కింటికి వినపడేలా కేకేసి మరీ చెప్పింది.

బస్సు చిలకలూరిపేట దాటేదాకా సంతోషం వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది, జక్రయ్య సైకిలేసుకుని వెంట పడుతున్నట్టు. జయ తల ఆమె ఒళ్ళో ఉంది. దారి పొడుగునా ప్రార్థన చేద్దామనుకుంది కానీ, “ప్రభువా, ఆ గుర్రపు వాతం ఇప్పుడు కాదు, బస్సులో కాదు” అన్నదానికి మించి మాటలు రాలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ జయ చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. చూసి, మళ్ళీ చూసి, నర్సుని గట్టిగా పిలిచింది. సూది వేశారు, మంచం ఇచ్చారు, గది చీకటి చేశారు. “ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారమ్మా మీరంతా? ఇంకొక్క రోజు ఆగితే మూర్ఛలొచ్చేవి. ఏం వాడుతోంది?”

“బలం పొడి డాక్టరు గారూ,” అంది జయ మగతలోనే. “ఉప్పు మజ్జిగలో.”

“ఉప్పా! ఎవరు చెప్పారు నీకు?”

“మా అక్క. అక్క తాగే ఈ పాపని కన్నది.” ఎంత గర్వంగా చెప్పిందో.

డాక్టరమ్మ సంతోషం వైపు చూసింది. తిడితే బాగుండేది. సంతోషం అప్పుడు కూడా చెప్పలేదు. ఇంతదూరం వచ్చి, ఇంత తెగించి, ఆ నాలుగు మాటలు అనలేక నేల చూస్తూ నిలబడింది. పాపని మాత్రం చంకలోకి ఇంకాస్త గట్టిగా అదుముకుంది.

మర్నాటికి జయ కాస్త తేరుకుంది. కాలిమీది వాపు తగ్గలేదు గానీ తెల్లదోమ కనపడడం మానేసింది. వార్డులోకి మార్చారు. పక్క మంచం మీద పొన్నూరు నించి వచ్చిన రసూల్‌బీ అనే పిల్ల, తొలి కాన్పు, భయంతో గోళ్ళు కొరుక్కుంటూ ఉంది. ఆమె తల్లి సర్దార్‌బీ సంతోషానికి కూడా ఫ్లాస్కులోంచి టీ పోసింది. గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే గుమ్మంలో జక్రయ్య కనిపించాడు.

అరవలేదు. నలుగురిలో అరిచే మనిషి కాదు. మంచం దాకా నడిచొచ్చి, గొంతు తగ్గించి, “మీటింగని చెప్పి వచ్చారట” అన్నాడు. “ఊళ్ళో ఏం చెప్పుకోవాలి నేను? మీటింగు నించి పొన్నూరులో చుట్టాల పెళ్ళికి పోయారని చెప్పి వచ్చా. ఇక్కడ చూసినవాళ్ళెవరైనా ఉన్నారా మనవాళ్ళు?” సంతోషం తల అడ్డంగా ఊపింది. టీ గ్లాసు కింద పెట్టేసింది. జయ ఎట్టా ఉందని అతను అడుగుతాడేమోనని చూసింది. మనిషి చెడ్డవాడు కాదు, అడుగుతాడు అనుకుంది.

అతను వార్డు చూస్తున్నాడు. ఈ చివర నించి ఆ చివరదాకా మంచాలు, మంచాల మధ్య చాపలు, ప్రతిదాని మీదా ఒక కడుపు, పక్కన ఒక తల్లో అత్తో. అతని మొహం మెల్లగా మారింది. కౌలు చేను మొదటిసారి చూసిన రోజున ఉన్న వెలుగు అది.

“ఇంతమంది ఒక్కచోట,” అన్నాడు తనలో తను. తర్వాత ఆమె చెవి దగ్గరికి వంగాడు. “అయ్యిందేదో అయింది. జయ సంగతి ఎవరడిగినా కాలు జారి పడ్డదని చెబుదాం. నువ్వు పాపనెత్తుకుని నీ మాట చెప్పు, చాలు. చూడు, అందరూ బిడ్డల కోసం భయపడేవాళ్ళే. నీ మాట తప్పకుండా వింటారు.” సంచిలోంచి ఎర్ర డబ్బా తీసి జయ మంచం మీద, ఆమె వాచిన కాళ్ళ పక్కన పెట్టాడు.

సర్దార్‌బీ మెడ చాపి చూసింది. “అదేందమ్మా? బలానికా? మా పిల్లకి కూడా పెట్టొచ్చా?”

“చెప్పు,” అన్నాడు జక్రయ్య.

సంతోషం లేచింది. పాప చంకలోనే ఉంది, అతను చెయ్యి చాపితే అందేంత దూరంలో. ఈ రాత్రి ఎక్కడుంటాం, అమ్మ రానిస్తుందా, చర్చిలో ఎవరైనా మాట్లాడతారా, పాపని లాక్కుంటే ఎవరు అడ్డం పడతారు. జక్రయ్య వేలు మంచం కమ్మీ మీద మెల్లగా కొట్టడం మొదలుపెట్టింది.

“అక్కల్లారా, నా పేరు సంతోషకుమారి. నాకు ఇద్దరు బిడ్డలు పోయారు.”

వేలు ఆగింది. ఆమె ఆగలేదు.

“ఈ పాప కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ నన్ను ఇక్కడికే తెచ్చింది. ఇట్టాంటి మంచం మీదే పడుకుని, వీళ్ళిచ్చిన మందులే మింగి దీన్ని కన్నాను. ఈ పొడి ఒక్క చెంచా కూడా నేను తాగలేదు.”

సర్దార్‌బీ కూతురి మంచం మీద చెయ్యి వేసింది. జక్రయ్య, “సంతోషం!” అన్నాడు, గొంతు తగ్గించడం మర్చిపోయి. ఆ కేకకి పాప ఏడుపు లంకించుకుంది. సంతోషం అతనివైపు చూడలేదు. ఎందుకంటే మోచేతి మీద లేచి కూచున్న జయ ఆమెనే చూస్తోంది. జయకి ఏడుపు రాలేదు, కోపం రాలేదు. లెక్క అర్థంకాని పిల్లలాగా నుదురు ముడేసుకుని చూస్తోంది.

“మరి నాకెందుకు కలిపిచ్చావక్కా?”

మీ బావగారు అనొచ్చు, అత్తమ్మ అనొచ్చు, కంపెనీ అనొచ్చు. అన్నీ నిజాలే. చెంచా పట్టుకున్నది మాత్రం తన చెయ్యి.

“భయపడి,” అంది సంతోషం. “ఇప్పుడూ భయంగానే ఉంది జయా.”

వార్డు ఆ చివర నించి ఎవరో ముసలామె, “ఏమంటోందమ్మా ఆ పిల్ల? మాకిక్కడికి వినపళ్ళా” అని కేకేసింది.

సంతోషం పాపని రెండో చంకలోకి మార్చుకుని, మంచాల మధ్యలోకి నడిచి, ఆ చివరిదాకా వినపడేంత గట్టిగా మళ్ళీ మొదట్నించీ చెప్పసాగింది.